బొట్టు పెట్టే ముందు తుడవాలి

ఈ వారం వీడియోలో ఆయుధపూజ గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో చెప్పలేక వదిలేసిన మాట ఒకటుంది. ఇక్కడ రాస్తున్నాను.

మాది పెదకూరపాడు. మా మావయ్య హైదరాబాద్ బాలానగర్‌లో ప్లాస్టిక్ మోల్డ్‌లు రిపేర్ చేస్తారు. 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్నది కూడా ఆ బాలానగర్‌లోనే. మనింట్లో బకెట్ మూత, స్విచ్ బోర్డు, ఛార్జర్ డబ్బా అన్నీ అలాంటి ఉక్కు మోల్డ్‌లలో పుట్టినవే.

పోయిన దసరాకి పూజ చేద్దామని ఆయన షెడ్డుకెళ్లాను. పసుపు కుంకుమ పళ్లెంతో నేను రెడీ. ఆయనేమో మోల్డ్ రెండు సగాలూ విప్పుకుని ఇత్తడి బ్రష్‌తో రుద్దుతూ కూర్చున్నారు.

"మావయ్యా, టైమైపోతోంది."

"మురికి మీద బొట్టు పెడితే అమ్మవారు మెచ్చుకుంటదంట్రా? ఇట్టా రా, చూడు."

మోల్డ్ అంచున సన్నని గాడి చూపించారు. దాన్ని వెంట్ అంటారు. లోతు మిల్లీమీటరులో నూరో వంతులు రెండో మూడో, అంతే. కరిగిన ప్లాస్టిక్ దూసుకొచ్చినప్పుడు లోపలి గాలి ఆ దారినే బయటికి పోవాలి. కానీ ప్లాస్టిక్ వదిలే ఆవిరి రోజూ కొంచెం కొంచెం పేరుకుని దారి మూసేస్తుంది. ఇరుక్కున్న గాలి నలిగి, వేడెక్కి, ప్లాస్టిక్‌నే కాల్చేస్తుంది. సరుకు మీద నల్ల మచ్చ పడుతుంది.

"మచ్చ పడగానే ప్లాస్టిక్‌ని తిడతారు. తప్పు దారి మూసుకుపోవడంలో ఉందిరా" అన్నారు.

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. ఎందుకంటే సంక్రాంతి నుంచి నేను నాన్నతో మాట్లాడట్లేదు. మిర్చి సాగు మానేసి హైదరాబాద్ వచ్చేయమన్నాను. "నీకేం తెలుసురా" అన్నారు. నేనొక మాట ఎక్కువన్నాను. అప్పట్నుంచి ఏ కబురైనా అమ్మ ద్వారానే. రోజూ దీపం పెడుతున్నాను, మీకు వీడియోలు చేస్తున్నాను. లోపల మాత్రం దారి మూసుకుపోయి ఉంది. ఆ మచ్చలు ఆఫీసులో జూనియర్ మీద పడుతున్నాయి.

గీత మూడో అధ్యాయం 38వ శ్లోకంలో కృష్ణుడు చెప్పిన పోలికల్లో దుమ్ము పట్టిన అద్దం ఒకటి. కోరిక మన జ్ఞానాన్ని అలా కప్పేస్తుందట. దానికి ముందు శ్లోకంలోనే కోపాన్ని కూడా జత చేశాడు. గమనించండి, ఆయన అద్దం పగిలిందనలేదు. దుమ్ము పట్టిందన్నాడు. అంటే తుడవొచ్చు.

ఎలా తుడవాలో కూడా మావయ్య దగ్గరే నేర్చుకున్నాను. ఇనుముతో గీకకూడదు, మోల్డ్ మీద గీతలు పడతాయి. ఆ గీత ఆ తర్వాత వచ్చే ప్రతి వస్తువు మీదా కనిపిస్తుంది. అందుకే మెత్తని ఇత్తడి. ఇంకోటి, మోల్డ్ వేడిగా ఉన్నప్పుడే తుడిస్తే సులువుగా వస్తుంది. చల్లారి గట్టిపడితే కష్టం. నేను తొమ్మిది నెలలు చల్లారనిచ్చాను.

పూజ అయ్యాక షెడ్డు బయట నిలబడి ఫోన్ చేశాను. "నాన్నా, ఆ రోజు అట్టా అనకుండా ఉండాల్సింది."

కాసేపు మోటర్ చప్పుడే వినిపించింది. "నీళ్లు పెడుతున్నా. రాత్రికి నేనే చేస్తాలే" అన్నారు.

చేశారు. మిర్చి విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ కుదరదు. కానీ గాలి పోవడానికి దారుంది.

ఈ దసరాకి ల్యాప్‌టాప్‌కో, బండికో బొట్టు పెట్టే ముందు ఒకసారి తుడవండి. అలాగే ఫోన్‌లో మీరు దాటేస్తూ వస్తున్న ఆ ఒక్క నంబర్ తీయండి. మొదటి మాట మెత్తగా అనండి. మిగతాది దుర్గమ్మ చూసుకుంటుంది.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.