రాజ్యలక్ష్మమ్మగారి సంస్మరణము



పరమేశ్వరుని ధ్యానించుటకుఁ గూడిన యీ సభలో నేఁడు మేము కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారినిఁ దలఁచుకొనఁ గోరుచున్నాము. పుట్టినింటివారు పెట్టిన పేరు బాపమ్మ. 1851వ సంవత్సరమునఁ బుట్టి 1910వ సంవత్సరమునఁ బరమపదించిరి. వీరేశలింగము పంతులవారి ధర్మపత్ని యనియే లోకము వారి నెఱుఁగును. ఆ పరిచయము చాలదని మా యభిప్రాయము.

వితంతువులు మరల వివాహమాడవచ్చునని శాసనము 1856లోనే వెలువడెను. న్యాయవాదులమగు మాకు శాసనములయందు గౌరవము మెండు. కాని యే శాసనమును గోదావరినుండి బిందె మోసికొని రాఁజాలదు. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమునఁ బంతులవారు మొదటి వితంతువివాహమును జరిపినపుడు బంధువులు తొలఁగిరి, వంటవారు మానిరి, నీళ్లు మోయువారు రాకపోయిరి. పంతులవారి వాదమునకు బదులు చెప్పలేనివారు వారి వంటయింటిని ముట్టడించి రన్నమాట! అప్పు డీ యిల్లాలు తామే నదికిఁ బోయి నీళ్లు తెచ్చి, వచ్చినవారికి వండి వడ్డించిరి. సభలో సంస్కారమును మెచ్చుకొని, విందునాఁడు "మా యింటి యాఁడువా రొప్పుకొన" రని తప్పించుకొన్న పెద్దలు నా కాలమున లేకపోలేదు.

దీనిని బాతివ్రత్యమని పొగడి యూరకుందుమా? భర్తమాటకై యొకదినము నీళ్లు మోయవచ్చును. ఏండ్లతరబడి దిక్కులేని బాలవితంతువులను దమ యింటఁ జేర్చుకొని, కన్నబిడ్డలవలెఁ బోషించి, పెండ్లిండ్లు చేసి పంపుట యొకరి యాజ్ఞవలనఁ గాదు. వారికి సంతానము లేదు. అయినను ఆ యిల్లు పుట్టినిండ్లు మూసికొన్న బాలికల కెందఱికో పుట్టినిల్లయ్యెను. దేవుఁడందఱకుఁ దండ్రి యని మనము ప్రతివారమును బాడుచున్నాము. వా రా మాటను నమ్మి, దానినిబట్టి యింట విస్తరులు లెక్కపెట్టుకొనిరి.

ఇపుడు లేచి నిలిచి, అట్టి తల్లిని మన కిచ్చిన దయామయుని మౌనముగాఁ బ్రార్థింతము.