గల్లియోను పేరున్న రాయి



మొన్న ఆరాధన ముగిసిన తరువాత, బెంగళూరులో చదువుకొనుచున్న మన యౌవనస్థుడొకడు నన్ను ఆపి, "తాతా, సువార్తలు యేసు తరువాత నలభై, అరవై ఏండ్లకు వ్రాసిరంట. అట్లయితే ఎట్ల నమ్మేది?" అని అడిగెను. వాడు వాదమునకు అడుగలేదు, కలతపడి అడిగెను.

పండితులు ఈ కాలములను ఎట్లు లెక్కించుచున్నారో తెలిసికొనుటకు మన సీమలోనే ఉపమానమున్నది. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలు 2007 వరకు కోలారు జిల్లాలోనివి గదా. ఆ జిల్లా శాసనములను బి. ఎల్. రైస్ గారు 1905లో ఒక సంపుటముగా ప్రకటించిరి. రాతిమీద రాజు పేరు, శక సంవత్సరము ఉన్నయెడల కాలము తేలును. లేనియెడల అక్షరముల వాటము చూచి, సుమారు ఫలాని శతాబ్దమని మాత్రమే చెప్పుదురు.

అదే 1905లో గ్రీసు దేశమందలి డెల్ఫీలో దొరికిన శాసనపు ముక్కలు ప్రకటింపబడెను. అది క్లౌదియ చక్రవర్తి పంపిన లేఖ. ఆయన 26 మారులు జయశాలియని కొనియాడబడిన లెక్క అందులో ఉన్నది. దానినిబట్టి అది క్రీ.శ. 52 నాటిదని తేలినది. అందులో గల్లియోను పేరును ఉన్నది. అపొస్తలుల కార్యములు 18:12లో పౌలును ఎవని న్యాయపీఠము నొద్దకు తెచ్చిరో ఆయనే! కాబట్టి పౌలు కొరింథులో ఉన్న కాలము 50-52 ప్రాంతమని కుదిరెను. థెస్సలొనీకయులకు మొదటి పత్రిక 50 ప్రాంతము, కొరింథీయులకు మొదటి పత్రిక 53-55 మధ్య అని ఎక్కువమంది చెప్పుదురు.

సువార్తలకు ఇట్టి రాయి లేదు. యెరూషలేము దేవాలయము 70లో కూలెను గనుక, మార్కు 13వ అధ్యాయము చూచి ఆ సువార్తను 70 ప్రాంతమున ఉంచువారు ఎక్కువ. అంతకు ముందే వ్రాయబడెననువారును ఉన్నారు. ప్రభువు జరుగబోవునది ముందుగా చెప్పలేడని తలంచి వేసిన లెక్క నాకు ఒప్పదు. అయితే అందరు పండితులును అట్లు తలంచి చెప్పుటలేదు.

యోహాను సువార్త ముక్క యొకటి మాంచెస్టరులో ఉన్నది, అరచేయంత చిన్నది. 1935లో చేవ్రాతనుబట్టి రెండవ శతాబ్దపు మొదటి సగమనిరి. ప్రసంగములలో మనము "క్రీ.శ. 125" అని రాతిమీద చెక్కియున్నట్లే చెప్పుచుందుము, నేనును చెప్పితిని. చేవ్రాత అంత సూక్ష్మముగా చెప్పజాలదు. ఆ శతాబ్దపు చివరిదైనను కావచ్చునని ఇప్పటి పరిశోధకులు చూపిరి. ఇకమీదట ఆ సంఖ్య నేను చెప్పను.

యౌవనస్థునికి 1 కొరింథీయులకు 15వ అధ్యాయము తెరచి చూపితిని. లేచిన ప్రభువును ఐదువందలమందికి పైగా చూచిరనియు, వారిలో ఎక్కువమంది ఇంకను ఉన్నారనియు పౌలు వ్రాసెను. సిలువ 30లోనో 33లోనో. ఎడము ఇరువది, ఇరువదియైదేండ్లే. "మన సంఘములో నలభై ఏండ్ల క్రిందటి బాప్తిస్మములు కన్నులార చూచినవారు ఇంకను ముందు వరుసలో కూర్చుండుట లేదా? వారిని అడిగి చూడు" అంటిని. వాడు ఆ మధ్యాహ్నము మా ఇంటనే భోజనము చేసి, ఆ అధ్యాయమంతయు మరల చదివెను.