చుట్ట చుట్టిన తాడు

1977 నవంబరు ఉప్పెన దివిసీమను ముంచేసి, బాపట్ల, రేపల్లె వైపు ఊళ్లనూ ఊడ్చేసిన తర్వాతి మాట. చీరాలలో ఒక బడి గోడలకు ఓ చిత్రకారుడు తన పెన్సిల్ బొమ్మలు తగిలించాడు. వచ్చినవాళ్లంతా ఒక్క బొమ్మ దగ్గరే ఆగిపోతున్నారు. వాడరేవు ఇసుకలో విడివిడిగా తెప్ప దుంగలు, పక్కన తెడ్డు, ఒక తాడు. మనిషి జాడ లేదు.

పట్నం నుంచి వచ్చిన పంతులుగారు గొంతు పూడుకుపోతుండగా చెప్పారు: "ఉప్పెన మింగిన బతుకులివి. తెప్ప ముక్కలైంది. నడిపినవాడు తిరిగి రాలేదు." విన్నవాళ్లు కళ్లొత్తుకున్నారు.

బట్టలు కొనడానికొచ్చిన పర్చూరు వైపు మిర్చి రైతు మాత్రం బొమ్మకు ముక్కు ఆనేంత దగ్గరికెళ్లి చూశాడు. చేపల వేటంటే ఏమిటో ఎరగనివాడు.

"అయ్యగారూ, తెప్ప విరిగిపోతే తాడునట్టా చుట్ట చుట్టి ఎవరు పెడతారండీ? దుంగకీ దుంగకీ మధ్యన గాలాడే సందు కూడా వదిలారు. కల్లంలో కాయలు మేమూ ఇట్టాగే పల్చగా పరుస్తాం. ఇయ్యి ఆరబెట్టినట్టున్నయ్యండీ."

గుమ్మం పక్కన చేపల గంప దించుకున్న ముసలమ్మ తలూపింది. "అంతే నాయనా. వేట నుంచి రాగానే కట్లిప్పి ఎండేస్తారు. నీళ్లు తాగిన దుంగ బరువెక్కుద్ది. ఆరినాక మళ్లీ కట్టుకుని పోతారు."

పంతులుగారు మళ్లీ బొమ్మ ముందుకొచ్చి, చాలాసేపు ఆ తాడునే చూశారు.

నీతి: బొమ్మలో బాధను వెతికే ముందు పనిని వెతకాలి. పంతులుగారి దుఃఖం నిజమైనదే, ఆ ఏడు ఈ తీరమంతా ఏడ్చింది. అయితే ఆ దుఃఖం ఆయన వెంట వచ్చింది. బొమ్మ గీసినవాడు శ్రద్ధ పెట్టింది తాడు చుట్ట మీద, దుంగల మధ్య సందుల మీద. రైతుకు అవి కనపడ్డాయి. తడి మిగిలిన కాయకు గుంటూరు యార్డులో ధర పడిపోతుందని తెలిసిన కన్ను మరి! బొమ్మలు చూడటం పల్లెవాళ్లకు చేతకాదని ఈ నేల మీద ఎవరూ అనకూడదు. దుగ్గిరాల దగ్గర తుమ్మపూడిలో ఉంటూనే కదా సంజీవదేవ్ చిత్రకళ గురించి అంత రాశారు.

ఇప్పుడు ఫైబర్ తెప్పలొచ్చాయి, వాటికి కట్లిప్పే పని లేదు. పాత తెప్పల బొమ్మలు ఎవరింట్లో ఉన్నా వాడరేవులోనో నిజాంపట్నంలోనో పెద్దవాళ్లకు చూపించి, ఏ దుంగ ఎక్కడిదో, ఏ కట్టు ఎందుకో అడిగి, బొమ్మ వెనక రాసి పెట్టుకోవాలి.