మట్టిలో దొరికింది ఎవరిది?



విజయవాడ ఘాట్ల దగ్గర తాడుకు అయస్కాంతం కట్టి, కృష్ణలోకి విసిరి చిల్లర ఏరుకునే కుర్రాళ్ళను మీరు చూసే ఉంటారు. అవి భక్తులు నదిలో వేసిన రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు. ఆ కుర్రాళ్ళది దొంగతనమా? కాదనే నేనంటాను. వేసినవాడు వదులుకున్నాడు, మళ్ళీ అడగడు. తీసినందువల్ల ఎవరికీ నష్టం లేదు.

ఇంకో రకం వెతుకులాట ఉంది. మెటల్ డిటెక్టరు పట్టుకుని, ఒక మంత్రగాణ్ణి వెంటేసుకుని, రాత్రిపూట పాత దిబ్బల మీద గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ళ సంగతి పేపర్లో చదువుతూనే ఉంటాం. వాళ్ళకు చాలాసార్లు దొరికేది తుప్పు మేకులు, రేకు ముక్కలు, వాటి పక్కనే పడి ఉన్న పాత సీసాలు, కుండ పెంకులు. బంగారం కాదు కాబట్టి అవన్నీ విసిరేసి పోతారు. తెల్లారేసరికి దిబ్బ నిండా గుంటలే.

దీని గురించి మాట్లాడితే మనవాళ్ళే అడుగుతారు: "అన్నా, ఎప్పుడో చచ్చిపోయినోళ్ళ సొత్తుకి ఇప్పుడు యజమాని ఎవరు? దొరికినోడిదే గదా?" తేలిగ్గా కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదిది. పంచశీలలో రెండో శీలం ముందు పెట్టి చూద్దాం.

రెండో శీలాన్ని మనం దొంగతనం చేయకపోవడం అని చెప్పుకుంటాం. పాళీలో మాట అదిన్నాదానం. అంటే ఇవ్వనిదాన్ని తీసుకోవడం. తేడా గమనించండి. యజమాని ఉన్నాడా, చచ్చాడా అని ఈ శీలం అడగడం లేదు. నీకు ఎవరైనా ఇచ్చారా అని అడుగుతోంది. అయితే మన డెల్టా దిబ్బల్లో ఉన్నవాటిని ఎవరు, ఎవరికి ఇచ్చారు?

దీనికి జవాబు రాతి మీదే ఉంది. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన ఒక పలకను దానం చేసినవాడి పేరు విధికుడు. తన వృత్తిని దాచుకోకుండా చమ్మకారుణ్ణని, అంటే తోలు పనివాణ్ణని చెక్కించుకున్నాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, బిడ్డలు, బంధువులు, స్నేహితులు, అందరినీ ఆ దానంలో కలుపుకున్నాడు. తోలు పని చేసేవాడు మహాచైత్యం దగ్గర తన పేరుతో, తన పనితో తలెత్తుకుని నిలబడిన కాలం ఒకటుందని ఆ నాలుగు మాటలు సాక్ష్యం చెబుతున్నాయి. విధికుడు ఆ రాయిని ఏ ఒక్కడికో ఇవ్వలేదు. వచ్చినవాళ్ళంతా చూడడానికి ఇచ్చాడు. దాన్ని ఒక్కడు ఇంటికి పట్టుకుపోతే అది అదిన్నాదానం కాక మరేమిటి?

మెటల్ డిటెక్టరు ఈ రాయి మీద నుంచి పోతే కూత పెట్టదు. దానికి అక్షరం తెలియదు, ఎముక తెలియదు, మట్టికుండ తెలియదు. తణ్హ కూడా అలాంటి మిషనే. దేనికోసం తిప్పిపెడితే దానికే మోగుతుంది, మిగతాదంతా దానికి చెత్త. భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు మూడు రాతి పేటికలు దొరికాయి. వాటిలో ధాతువుతో పాటు బంగారు పూలు కూడా ఉన్నాయి. నిధి దొంగ చేతిలో పడితే పూలు కరిగిపోయేవి, పేటికలు పగిలిపోయేవి. కానీ దక్షిణాదిలోనే అతి పాత బ్రాహ్మీ రాతల్లో కొన్ని, దానం చేసినవాళ్ళ పేర్లు, ఉన్నది ఆ పేటికల రాతి మీదే.

ఎంత పోయిందో కూడా తెలుసుకోండి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టించేటప్పుడు స్తూపం దిబ్బను ఇటుక కోసం, రాయి కోసం తవ్వేశారు. చెక్కిన పలకల్లో ఎన్నో సున్నంగా కాలిపోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు మీదుగా 1859 నాటికి లండన్ చేరాయి. భట్టిప్రోలు స్తూపం ఇటుక రోడ్ల పనులకు పోయింది. చివరికి భట్టిప్రోలులోనూ, ఘంటసాలలోనూ స్తూపాల దిబ్బలకు "లంజదిబ్బ" అనే పేరు మిగిలింది. సాక్ష్యం పోయిన చోట తిట్టే చరిత్ర అయి కూర్చుంటుంది. మన పేటలకు, మన పేర్లకు జరిగింది కూడా ఇదే కదా.

"వాళ్ళు అంత దోచుకుంటే తప్పు లేదు గానీ, పూట గడవని మేం ఒక్క కాసు తీసుకుంటే తప్పా?" అని ఒక కూలి అడిగితే? ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ జమీందారు కాల్చిన సున్నంలో ఇంకెందరు విధికుల పేర్లు పోయాయో ఆలోచించండి. నష్టపోయింది మనమే. అదే పని మనం చేస్తే, ఆయన మిగిల్చింది మనం పూర్తి చేసినట్టవుతుంది.

ఇక కూలి హక్కు సంగతి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి, దాచిపెడితే ఏడాది దాకా జైలు. అదే చట్టంలో ఇంకోటి కూడా ఉంది. హక్కుదారు లేడని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. కలెక్టరు ఆ వస్తువును ప్రభుత్వానికి ఉంచదలిస్తే దాని సరుకు విలువ మీద ఐదో వంతు కలిపి చెల్లించాలి. ఆ డబ్బు అడిగి తీసుకోవడం తప్పు కాదు, అది ఇచ్చినది. వస్తువు మాత్రం అందరి కోసం నిలుస్తుంది.

అలాగని చట్టం ఇచ్చినదంతా ధమ్మం ఒప్పుకుంటుందనీ కాదు. 1898లో పిప్రహ్వా స్తూపంలో బుద్ధ ధాతువులతో దొరికిన రత్నాల్లో కొన్నిటిని నాటి ప్రభుత్వం తవ్వించిన పెప్పే దొరకే వదిలేసింది. 2025 మే నెలలో ఆయన వంశీకులు వాటిని హాంకాంగ్‌లో వేలానికి పెట్టబోయారు. భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పాక వేలం ఆగింది, జూలైలో అవి ఇండియాకు తిరిగొచ్చాయి. కాగితం ప్రకారం అవి ఆ కుటుంబానివే. కానీ వాటిని స్తూపంలో పెట్టినవాళ్ళు ఆ కుటుంబానికి ఇచ్చారా?

చివరగా ఆ పాత సీసాల సంగతి. విధికుడికీ మనకూ నడుమ దాదాపు రెండు వేల ఏళ్ళ ఖాళీ ఉంది. ఆయనే మా తాత అని చెప్పుకోవడానికి మన దగ్గర రుజువు లేదు. లేనిదాన్ని చెబితే నాలుగో శీలం తప్పినట్టు. ఆ ఖాళీలో మన ముత్తాతలు ఎలా బతికారో ఏ శాసనమూ చెప్పదు. పల్లె చివర పెంటదిబ్బలో దొరికే గోలీసోడా సీసా, మందు సీసా, అరిగిన ఆరె, పగిలిన జాడీ, ఇవే చెబుతాయి. వాటికి సంతలో ధర లేదు, మనకు మాత్రం అవి దస్తావేజులు.

కాబట్టి ఇల్లు పునాది తీసేటప్పుడో, పాటిమన్ను తోలేటప్పుడో ఏదైనా బయటపడితే పలుగు ఆపండి. కదిలించకుండా ఫోటో తీయండి. పదిమందిని పిలిచి, తహశీల్దారుకు రాతపూర్వకంగా తెలిపి రసీదు తీసుకోండి. ఒక్కరే వెళ్ళొద్దు, విహార కమిటీతో కలిసి వెళ్ళండి. పాత సీసాయే దొరికితే కడిగి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి చేతికి దొరికిందో ఒక చీటీ రాసి మీ బుద్ధ విహారంలో పెట్టండి. దొరికినవారి పేరు, వారు చేసే పని కూడా ఆ చీటీలో రాయండి.

నమో బుద్ధాయ. జై భీమ్.