ఫారంలో లేని ప్రశ్న

2021 చివర్లో టెక్సస్‌లోని ప్లేనోలో హెచ్‌ఆర్‌లో పనిచేసినవాళ్ళు ధర్మశాస్త్రం చదవక తప్పలేదు. నేనూ వాళ్ళలో ఒకదాన్ని. వంద మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీలకు కోవిడ్ టీకా నిబంధన తెస్తామని అప్పటి అధ్యక్షుడు బైడెన్ సెప్టెంబరు 9న ప్రకటించాడు. ఇష్టంలేని మనిషికి ఏ సంస్థా టీకా బలవంతం చేయకూడదని మా గవర్నర్ అబట్ అక్టోబరు 11న ఉత్తర్వు ఇచ్చాడు. ఈ రెంటి నడుమ మా బల్లల మీదికి మతం పేరిట మినహాయింపు కోరే ఫారాలు వచ్చాయి.

క్రైస్తవుల అభ్యంతరం కనీసం అర్థమయ్యేది. ఎప్పుడో గర్భస్రావమైన పిండం నుంచి పెంచుకొచ్చిన కణాలను టీకాల పరీక్షల్లోనో తయారీలోనో వాడారన్నది వాళ్ళ బాధ. వేయించుకోవచ్చని వాటికన్ 2020 డిసెంబరులోనే చెప్పినా కొందరి మనసు ఒప్పలేదు. మనవాళ్ళ సంగతి వేరు. "అక్కా, మన శాస్త్రాల్లో ఎక్కడైనా టీకా వద్దని ఉందా? ఒక్క శ్లోకం దొరికినా చాలు" అన్నాడు ఓ కుర్రాడు. హెచ్1 వీసా మీద ఉన్నవాడు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. పోనీ గుళ్ళో అయ్యగారి చేత ఉత్తరం రాయించనా అన్నాడు.

అక్కర్లేదని చెప్పాను. 1964 నాటి పౌరహక్కుల చట్టానికి పీఠాధిపతి సంతకంతో పనిలేదు, మతపరమైన నమ్మకం మనస్ఫూర్తిగా ఉంటే చాలు. ఆ మాటతో తేలికపడతాడనుకుంటే ఇంకా ఇబ్బందిపడ్డాడు. గ్రంథం మీదికో గురువు మీదికో నెట్టేయాలనుకున్న బరువు వచ్చి వాడి నెత్తినే పడింది మరి.

మనుస్మృతి రెండో అధ్యాయం ధర్మానికి ఆధారాలు చెబుతూ వేదం, స్మృతి, సదాచారం అయ్యాక ఆఖర్న ఆత్మతుష్టిని పెట్టింది. (మనువుతో నాకున్న పేచీలు అన్నీ ఇన్నీ కావు. ఈ వరస మాత్రం నచ్చింది.) అదీ ఎవరి మనసు పడితే వాళ్ళది చెల్లదని వ్యాఖ్యాతలు పగ్గం వేశారు. అమెరికా చట్టం ఆ ఆఖరిదాన్నే తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది.

నమ్మకం నిజమైనదైతే సరిపోతుందా? మా నాయనమ్మ మశూచిని అమ్మవారు అనేది. టీకా వేయిస్తే ఆ తల్లికి కోపం వస్తుందని వణికేది. అంతకన్నా మనస్ఫూర్తి నమ్మకం నేను ఏ ఫారంలోనూ చూడలేదు. కానీ ఆవిడ భక్తి చూసి పక్కింటి పిల్లని మశూచి వదిలేయదు. టీకాలవాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు కాబట్టే 1975తో ఆ జబ్బు మన దేశం విడిచిపోయింది. గీత లోకసంగ్రహమని, అంటే లోకం మేలు చూడమని, అన్నది ఇటువంటి చోటే పనికొస్తుంది. నీ దేవుడు ఏమన్నాడని ఫారం అడిగింది గాని, నీ పక్క సీట్లో కూర్చునేవాడికి ఏం చేస్తావని అడగలేదు.

నిజానికి బైడెన్ నిబంధనలో దానికి కొంత జవాబుంది. టీకా వద్దనుకుంటే వారం వారం పరీక్ష చేయించుకుని, మాస్కు పెట్టుకుని రావచ్చు. 2022 జనవరి 13న సుప్రీంకోర్టు 6-3 తేడాతో దాన్ని ఆపేసింది. ఆసుపత్రుల సిబ్బంది విషయంలో మాత్రం అదే రోజు 5-4తో టీకా నిబంధనను సాగనిచ్చింది. టీకా వేయించుకున్నవాళ్ళలో నేనున్నాను, వేయించుకోవడమే ధర్మమనీ అనుకుంటాను. అయినా వేరే దారి చూపకుండా మనిషి కూడు తీసేయడం నాకు మింగుడుపడదు. అంతకుముందు 2021 జూన్‌లోనే, టీకా వేయించుకోనందుకు హ్యూస్టన్ మెథడిస్ట్ ఆసుపత్రిలో 150 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి, మానుకున్నవాళ్ళతో కలిపి.

ఆ కుర్రాడు చివరికి శ్లోకం లేకుండానే రాశాడు. భయంగా ఉందని, కొన్నాళ్ళు ఇంటినుంచి పనిచేస్తానని, ఆఫీసుకి రావాల్సివస్తే పరీక్ష చేయించుకుని వస్తానని. ఫారాలన్నిటిలో పక్కవాడిని తలచింది అదొక్కటే. చట్టం లెక్కలో భయం మతం కాదు గనుక అది చెల్లలేదు. ఎక్కడినుంచో దించుకున్న ప్రార్థనలతో నిండిన ఫారాలు చెల్లాయి. తర్వాత వాడు టీకా వేయించుకున్నాడు.

2024 ఫిబ్రవరి నుంచి టెక్సస్‌లో ప్రైవేటు యజమాని కోవిడ్ టీకా తప్పనిసరి చేస్తే 50,000 డాలర్ల జరిమానా. ఆసుపత్రులు మాత్రం టీకా లేనివాళ్ళని మాస్కులాంటి రక్షణ సామగ్రి వాడమనవచ్చు. మిగతా ఆఫీసుల్లో ఇప్పుడు ఎవరూ ఏ శ్లోకమూ వెతకనక్కర్లేదు, పక్క సీటువాడి గురించి ఒక్క ముక్కా రాయనక్కర్లేదు.