ఇంతమంది జార్జిల ఇల్లు

ఇంగ్లండు వాయవ్యాన, విండర్‌మియర్ సరస్సుకు దగ్గర్లోని ట్రౌట్‌బెక్‌లో టౌన్‌ఎండ్ అనే రైతు ఇల్లు ఉంది. 17వ శతాబ్దం నుంచి 1943 దాకా బ్రౌన్ కుటుంబమే అందులో కాపురముంది. తరాలుగా ఆ ఇంటి వారసుల్లో చాలామందికి జార్జి అనే పేరే పెట్టారు. జార్జి బ్రౌన్ అంటే ఏ జార్జి అని అడగాల్సిందే. నాకూ మా తాత పేరే పెట్టారు గనక ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. పేరు కొనసాగితే మనిషి కొనసాగినట్టేనా?

ముందు ఇంటినే అడుగుదాం. రాతి గోడలు, వాటిమీద తెల్లసున్నం. కప్పుకు పలకరాయి పెంకులు. పొడుగాటి గుండ్రని పొగగొట్టాలు. లోపల పెద్ద పొయ్యి చుట్టూ కుటుంబం కూర్చునే గదిని ఫైర్‌హౌస్ అంటారు. వంటకీ పనిపాటలకీ ఉన్న భాగం డౌన్‌హౌస్. వానలు దంచికొట్టే సీమ అది. సున్నం మళ్లీ మళ్లీ వేయాలి, పగిలిన పలకలు మార్చాలి. కాలం గడిచేకొద్దీ గదులూ చేరాయి. ఇంత మారాక కూడా అది అదే ఇల్లా?

కుండ అన్నది పేరే, మట్టే సత్యం అంటుంది ఛాందోగ్య ఉపనిషత్తు. ఇక్కడ రాయే సత్యమందామా అంటే పలకలు మారిపోతున్నాయి. అద్వైతి తడబడడు, మట్టి ఉపమానమే, ఉనికే సత్యం అంటాడు. కావచ్చు. కానీ ఆ ఉనికి కొండకూ గొర్రెకూ ఈ ఇంటికీ ఒక్కటే. అలాంటప్పుడు దీన్ని ఈ ఇల్లుగా నిలిపిందేమిటో దాంతో తేలదు.

బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు నాకు ఇక్కడే దగ్గరయ్యాడు. దేనికీ తనదంటూ మారని స్వభావం లేదు, ఇతరాల ఆసరాతోనే అది ఉంటుంది అన్నాడాయన. అలా శూన్యం కాబట్టే ఏదైనా పుడుతుంది, మారుతుంది, పనికొస్తుంది. టౌన్‌ఎండ్‌కు మారని స్వభావమే ఉంటే, కొత్త గది కట్టిన రోజే అది టౌన్‌ఎండ్ కాకుండా పోయేది.

ఆ జార్జిల్లో ఒకడు, 1834లో పుట్టి 1914లో పోయిన జార్జి బ్రౌన్, చెక్కపనిలో నేర్పరి. ఇంట్లోని సామాన్లకు పాతకాలపు తీరులో నగిషీలు చెక్కాడు. ఏది తాతలదో, ఏది ఇతనిదో కొత్తవాళ్లు చూడగానే చెప్పలేరు. దాన్ని మోసమని నేననను. చిన్నప్పటి నేనూ ఇప్పటి నేనూ ఒక్కడినేనని నమ్మడానికి నేనూ జ్ఞాపకాలకు అలాగే నగిషీ పెడుతుంటాను.

బ్రౌన్‌ల తర్వాత ఇల్లు, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు చేతికొచ్చింది. జార్జిలు లేరు, అయినా అది టౌన్‌ఎండే. ఎవరో ఒకరు సున్నం వేస్తున్నంత కాలం అలాగే ఉంటుంది. మనిషి విషయంలోనూ నా తీర్పు ఇదే. మనవడికి తాత పేరు పెట్టి ఆయనే తిరిగొచ్చాడని మురిసిపోయే పెద్దలారా, ఆయన సగంలో వదిలిన పనేమిటో కూడా ఆ పిల్లవాడికి చెప్పండి.