పాత కంప్యూటరుకు హక్కుందా?

2012 డిసెంబరులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ నుంచి ఇంటెల్ 386 ప్రాసెసర్‌కు మద్దతును తీసేశారు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను పుట్టించింది 386 కంప్యూటరు మీదే. తన తొలి యంత్రం ఇక ఈ కెర్నెల్‌తో బూట్ కాదని తెలిసే, అలాంటి మమకారాలు తనకు లేవంటూ ఆ మార్పును ఆయన ఆమోదించారు.

ఇది కృతఘ్నత కాదు. రెండు పనులు ఒకే మెమరీ గడిని ఒకేసారి మార్చి పాడుచేయకుండా కాపాడే 'కంపేర్ అండ్ ఎక్స్చేంజ్' ఆదేశం 486తోనే వచ్చింది. 386లో ఆ లోటు పూడ్చే కోడ్‌ను డెవలపర్లు ఏళ్ల తరబడి మోశారు. అప్పటికి దాన్ని వాడేవారు దాదాపు లేరు.

మరి వాడేవారు ఉంటే?

2020లో చిప్ కంపెనీలు ఇంటెల్, ఏఎండీ, లినక్స్ కంపెనీలు రెడ్ హ్యాట్, సూసే కలిసి 64 బిట్ ప్రాసెసర్లకు, అవి అర్థం చేసుకునే ఆదేశాలను బట్టి స్థాయులు నిర్ణయించాయి. మూడో స్థాయికి ఏవీఎక్స్2 ఆదేశాలు ఉండాలి. ఒకే ఆదేశంతో ఎన్నో సంఖ్యలను కలిపి లెక్కించే ఈ సౌకర్యం వీడియో, గణిత పనులను బాగా వేగిరపరుస్తుంది. ఇంటెల్ దీన్ని 2013లో హాస్వెల్ చిప్‌లతో తెచ్చింది. 2025లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 ఈ మూడో స్థాయినే కనీస అర్హత చేసింది. అయితే హాస్వెల్ వచ్చాక కూడా ఏళ్లపాటు అమ్ముడైన పెంటియం, సెలెరాన్ చిప్‌లలో ఏవీఎక్స్2 లేదు. అంటే గీత గీసింది వయసు ఒక్కటే కాదు, ధర కూడా. తక్కువ డబ్బుతో కొత్త కంప్యూటరు కొన్నవారూ గడప బయటే మిగిలారు.

ఎక్కువమందికి మేలు జరిగితే చాలదా అనే వాదం పాతదే. 1908లో గాంధీ ఆంగ్ల రచయిత రస్కిన్ పుస్తకం 'అన్‌టు దిస్ లాస్ట్'ను గుజరాతీలో సంగ్రహించి 'సర్వోదయ' అని పేరు పెట్టినప్పుడు, మొదట్లోనే ఆ వాదాన్ని తప్పుపట్టారు. అధిక సంఖ్యాకుల సుఖానికి కొద్దిమందిని బలిపెట్టడం ఆయనకు సమ్మతం కాలేదు. సరుకు అమ్మే కంపెనీ తన కొనుగోలుదారులను ఎంచుకోవచ్చు. అందరి చేతులూ పడి తయారైన ఓపెన్ సోర్స్‌కు మాత్రం గాంధీ అడిగిన ప్రశ్న సూటిగా తగులుతుంది.

అదృష్టవశాత్తూ చాలాచోట్ల ఎవరినీ వదులుకోనక్కర్లేదు. కెర్నెల్ బూట్ అయ్యేటప్పుడే ప్రాసెసర్‌ను గుర్తించి, కొన్నిచోట్ల తన కోడ్‌ను దానికి తగినట్టు మార్చుకుంటుంది. లినక్స్ ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ జీలిబ్‌సీ, 2021లో విడుదలైన 2.33 వెర్షన్‌లో, ఒకే లైబ్రరీకి వేర్వేరు స్థాయుల ప్రతులు పక్కపక్కనే ఉంచి యంత్రానికి సరిపడేది ఎంచుకునే వీలు ఇచ్చింది. దీనికి డిస్కులో చోటు, బిల్డ్ సమయం, పరీక్షల శ్రమ ఎక్కువే. ఆ భారం వేగం కోరేవారి మీద పడటమే న్యాయం. వారు కోల్పోయేది కాస్త వేగం, అవతలివారు కోల్పోయేది మొత్తం కంప్యూటరు.

అల్మాలినక్స్ 10 అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్ ఈ పని చేసి చూపింది. రెడ్ హ్యాట్ 10కు అనుకూలంగా ఉంటూనే, రెండో స్థాయి యంత్రాలకు విడిగా మరో బిల్డ్ ఇచ్చింది.

386ను తీసేయడం సబబే. మూడో స్థాయి తప్ప మరో దారి ఉంచకపోవడం మాత్రం తొందరపాటు. పాత యంత్రాలపై లినక్స్ నడుపుతున్నవారు తమ డిస్ట్రిబ్యూషన్ పరీక్షా విడుదలలను ఆ యంత్రాల మీదే నడిపి, కనబడిన లోపాలను డెవలపర్లకు తెలపాలి. ఎవరూ పరీక్షించని హార్డ్‌వేరునే ముందుగా తీసేస్తారు.